పిండినీళ్ల నుంచి సౌప్తికం దాకా: అశ్వత్థామ మనసులో అవమానం

యుద్ధం పద్దెనిమిదో రోజు రాత్రి, ఆదమరిచి నిద్రపోతున్న పాండవ శిబిరంలోకి అశ్వత్థామ చొరబడ్డాడు. ధృష్టద్యుమ్నుణ్ణి కాలితో తన్ని లేపాడు. ఆయుధంతో చంపమని అతను బతిమాలుకున్నా వినలేదు, మర్మస్థానాల మీద తొక్కి చంపాడు. ద్రౌపది ఐదుగురు కొడుకులూ, శిఖండీ ఆ చీకట్లోనే పోయారు. ప్రాణభయంతో బయటికి పరుగెత్తినవాళ్లను ద్వారం దగ్గర కాచుకున్న కృపుడూ కృతవర్మా నరికారు. ఆ తర్వాత పాండవుల కోడలు ఉత్తర గర్భంలోని శిశువు మీదికి అతని బ్రహ్మశిరోస్త్రం వెళ్లింది. భారతంలో ఇంతకంటే హేయమైన నేరం లేదు.

అయినా దుశ్శాసనుణ్ణి చూసినట్టు ఈ మనిషిని చూడలేం. కారణం ఆదిపర్వంలో, అతని చిన్నతనంలో ఉంది.

ఆ చిన్నతనాన్ని చెప్పేది అశ్వత్థామ కాదు, తండ్రి ద్రోణుడు. హస్తినాపురానికి వచ్చిన కొత్తలో భీష్ముడితో తన కథ చెప్పుకుంటూ కొడుకు ఊసెత్తుతాడు. కలిగినవాళ్ల పిల్లలు పాలు తాగుతుంటే చూసి పసివాడు ఏడ్చాడు. ధర్మం తప్పకుండా దానంగా దొరికే ఆవు కోసం తండ్రి ఎంత తిరిగినా దొరకలేదు. తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లు పాలని చెప్పి ఇచ్చారు. వాడు తాగాడు. పాలు తాగానంటూ సంతోషంతో గంతులు వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, సంపాదన చేతకాని తండ్రిని ఎత్తిపొడిచారు. వ్యాసుడి ఈ ఘట్టంలో పిల్లవాడి ఆకలి కంటే ఆ నవ్వే ఎక్కువ బాధపెడుతుంది. నిజంగా ఆనందపడిన క్షణంలోనే పదిమందికీ వేడుకైపోయాడు వాడు.

మనస్తత్వ శాస్త్రం ఇలాంటి అవమానాన్ని గట్టిగా పట్టించుకుంది. అపరాధభావం చేసిన పనికి సంబంధించినదనీ, సిగ్గు మనిషి మొత్తాన్నీ ముద్దాయిని చేస్తుందనీ హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో వివరించింది. అణచుకున్న సిగ్గు పగగా తిరగబడే తీరునూ ఆమె గుర్తించింది. అమెరికాలోని మసాచుసెట్స్ జైళ్లలో హంతకులతో ఏళ్ల తరబడి పనిచేసిన మనోవైద్యుడు జేమ్స్ గిలిగన్ 1996లో ‘వయొలెన్స్’ అనే పుస్తకం రాశాడు. తీవ్రమైన హింస వెనక తనను చిన్నచూపు చూశారన్న, ఎగతాళి చేశారన్న భావన పదే పదే కనబడిందని అతని అనుభవం. అయితే సిగ్గు ఒక్కటే చాలదంటాడు. పోయిన గౌరవం తిరిగి రావడానికి హింస తప్ప దారి లేదని తోచాలి. చేతిని ఆపగల ప్రేమ, భయం, అపరాధభావం ఆ సమయానికి పనిచేయకుండా పోవాలి. ఇతిహాస పాత్రకు రోగనిర్ధారణ చేయడం ఈ వ్యాసం పని కాదు. కవి పేర్చిన కార్యకారణాలు మనిషి మనసు గురించి మనకు తెలిసినదానితో ఎంతవరకు పొసగుతాయన్నదే ప్రశ్న.

అవమానానికి ఏం చేయాలో ఆ పిల్లవాడికి నేర్పింది తండ్రి. పాలు లేని ఇంటి నుంచి బయల్దేరిన ద్రోణుడు చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుణ్ణి ఆశ్రయించాడు. సమానుల మధ్యే స్నేహమంటూ అతను తోసిపుచ్చాడు. ద్రోణుడు దాన్ని మరిచిపోలేదు, శిష్యులు ఎదిగాక ద్రుపదుణ్ణి కట్టి తెమ్మని గురుదక్షిణ అడిగాడు. సగం పాంచాలం లాక్కుని అహిచ్ఛత్రానికి ప్రభువయ్యాడు. గుక్కెడు పాలకు నోచుకోని కొడుకు అలా ఒక రాజ్యానికి వారసుడయ్యాడు. అవమానానికి విరుగుడు అవమానించడమేనని ఇంతకంటే స్పష్టంగా ఏ తండ్రీ నేర్పలేడు. పాఠం అవతలి ఇంటికీ చేరింది. ద్రుపదుడు యజ్ఞం చేసి, ద్రోణుణ్ణి చంపడానికే ధృష్టద్యుమ్నుణ్ణి కన్నాడు. శిబిరంలో ఆ రాత్రి తలపడినవాళ్లిద్దరూ తండ్రుల పరాభవాన్ని మోస్తూ పెరిగిన కొడుకులే.

తండ్రి ప్రేమ కూడా నిబ్బరంగా లేదు. ద్రోణుడు అర్జునుడికి బ్రహ్మశిరోస్త్రం ఇచ్చాడని తెలిసి అశ్వత్థామ తనకూ కావాలని పట్టుబట్టాడు. తండ్రి అయిష్టంగానే ఇచ్చాడు. మనుషుల మీద ప్రయోగించవద్దన్నాడు. నువ్వు మంచి దారిలో నిలవవనే అనుమానాన్నీ అప్పుడే పైకి అనేశాడు. కొడుకు ఎవరికన్నా మిన్నగా ఉండాలని తపించిన తండ్రే కొడుకును నమ్మలేదు. ఈ సంగతి సౌప్తిక పర్వంలో కృష్ణుడి నోట వస్తుంది. అశ్వత్థామ ద్వారకకు వచ్చి సుదర్శన చక్రం అడిగాడనీ, ఎత్తలేక చతికిలబడ్డాడనీ, ఎవరితో పోరాడదామని అడిగావంటే నీతోనే అన్నాడనీ కూడా కృష్ణుడే చెబుతాడు. అందరికన్నా పైన ఉంటే తప్ప తనకు విలువ లేదనుకునే మనిషి ఈ కథలో కనిపిస్తాడు.

పుట్టుకతోనే క్రూరుడు అనడానికి మాత్రం వీల్లేదు. విరాటపర్వంలో గోగ్రహణం వేళ కర్ణుడి ప్రగల్భాలను అతను నిలదీశాడు. దుశ్శాసనుడు చచ్చాక దుర్యోధనుడి చేయి పట్టుకుని, ఇకనైనా పాండవులతో సంధి చేసుకోమని వేడుకున్నాడు. యుద్ధం ఆపడానికి ఆ చివరి రోజుల్లో నోరు విప్పిన కొద్దిమందిలో రేపటి హంతకుడు ఒకడు. అతని మీద జాలి పుట్టించేది చిన్ననాటి కన్నీళ్ల కంటే ఈ ఘట్టమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మరో దారి అతనికి తెలుసు.

ఆ దారి మూసుకుపోయిన తీరు ద్రోణపర్వంలో ఉంది. అశ్వత్థామ చనిపోయాడన్న ధర్మరాజు అర్ధసత్యం నమ్మి ద్రోణుడు ఆయుధం వదిలాడు. ధృష్టద్యుమ్నుడు అతని జుట్టు పట్టుకుని తల నరికాడు. కొడుకు దుఃఖంలో వరస గమనించాలి. యుద్ధంలో చావు వీరుడికి మామూలేనంటాడు. సైన్యమంతా చూస్తుండగా తండ్రి జుట్టు పట్టుకోవడమే తన మర్మాలు కోస్తోందంటాడు. చావు కంటే నలుగురూ చూశారన్నదే ఎక్కువ బాధ. పిండినీళ్ల నాడూ జరిగింది అదే.

అందుకే శిబిరం మీద దాడికి ముందు, ఆ రాత్రి మర్రిచెట్టు కింద కృపుడి హితవు తలకెక్కలేదు. ధృతరాష్ట్రుణ్ణీ గాంధారినీ విదురుణ్ణీ అడిగి చేద్దామని కృపుడు మార్గం చూపాడు. బ్రాహ్మణ కులంలో పుట్టీ దురదృష్టం కొద్దీ క్షత్రియధర్మంలో పడ్డానన్నాడు అశ్వత్థామ. శోకంతో, కోపంతో రగిలేవాడికి నిద్ర ఎక్కడిదన్నాడు. నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ చంపడం అప్పటికే చూశాడు. గిలిగన్ చెప్పిన షరతులు ఆ చెట్టు కింద ఒక్కొక్కటిగా నెరవేరాయి. ఆ మాటల్లో పాల ఊసు రాదు. బాల్యపు గాయం చాలాసార్లు ఇలాగే మాటగా కాక పనిగా బయటపడుతుంది.

అలాగని గాయాన్నే కారణంగా నిలబెట్టి నేరాన్ని కొట్టేయలేం. కాథీ విడమ్ 1989లో ప్రచురించిన పరిశోధన చిన్నతనంలో హింసకో నిర్లక్ష్యానికో గురైన 908 మందినీ, అలాంటి చరిత్ర లేని 667 మందినీ పోల్చింది. మొదటి వర్గంలో నేరాలు ఎక్కువగా కనిపించాయి. కానీ హింసాత్మక నేరానికి అరెస్టు కానివాళ్లే ఆ వర్గంలోనూ అత్యధికులు. భారతంలోనూ అంతే. చిన్నప్పుడు భీముడికి విషం పెట్టారు, పాండవులందరినీ లక్క ఇంట్లో తగలబెట్టబోయారు. అయినా ఆ ఐదుగురిలో ఎవరూ పసిపిల్లల మీద అస్త్రం వేయలేదు.

ఆధునిక రచయితలు ఈ పాత్రను వేరువేరు కొసల నుంచి అందుకున్నారు. ధర్మవీర్ భారతి హిందీ నాటకం ‘అంధాయుగ్’ ధర్మరాజు అర్ధసత్యం దగ్గర అశ్వత్థామలోని మనిషి చచ్చిపోయాడంటుంది. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ (2024)లో అమితాబ్ బచ్చన్ వేసిన అశ్వత్థామ పుట్టబోయే బిడ్డకు కాపలాదారు. రెండూ బలమైన ఆలోచనలే. బాల్యం మాత్రం రెండింటికీ కేంద్రం కాలేదు. తెలుగులో నన్నయ 11వ శతాబ్దంలో రాసిన పసివాడు, తిక్కన 13వ శతాబ్దంలో రాసిన హంతకుడు వేరువేరు పర్వాల్లో ఉండిపోయారు. వాళ్లిద్దరినీ పక్కపక్కన పెట్టి చదవడం పాఠకుల పని.

శిక్షల్లోనూ ఈ అవమానపు సూత్రం తెగలేదు. భారతంలో కృష్ణుడి శాపం మరణం కాదు, ఏకాంతం. మూడు వేల ఏళ్లు తోడు లేకుండా, పలకరించే మనిషి లేకుండా, నెత్తురూ చీమూ కంపు కొడుతూ తిరగాలి. పోతన భాగవతంలో కొడుకులను పోగొట్టుకున్న ద్రౌపది, కట్టేసి ఉన్న హంతకుణ్ణి విడిచిపెట్టమంటుంది. తనలాగే అతని తల్లి కృపి కూడా ఏడవకూడదని ఆమె బాధ. అతను నిర్దోషి అని మాత్రం ఆమె ఎక్కడా అనదు. చంపకుండా వదలడానికి ఒప్పుకున్న అర్జునుడు అతని జుట్టు కోసి, తలలోని మణి తీసుకుని వెళ్లగొట్టాడు. తండ్రి జుట్టు దగ్గర మొదలైన పగ కొడుకు జుట్టు దగ్గరికి వచ్చింది. భాగవత కథాక్రమంలో ఉత్తర గర్భం మీదికి అస్త్రం వచ్చేది ఆ తర్వాతే.