తాళము, చెవి

ఐర్లండులోని డండాక్ పట్టణమందు, 1950ల నాటి మా యింటి తలుపుచెక్కలో పొదిగిన లీవరుతాళమును విప్పి, ఎండిన గ్రీజును కిరసనాయిలుతో కడిగి, విరిగిన స్ప్రింగును మార్చుచుండగా, మా పిల్లవాడు “తాళాలెక్కడ?” అని అడిగినది తాళమును గాదు, దాని చెవిని. తలుపును మూసి నిలుపునది తాళము, దానిని తెరచునది తాళపుచెవి యను భేదము నేటి వాడుకలో చెరగుచున్నది. గడియ యను నర్థమున సంస్కృతమందుగల తాలకమునకు మన తాళము బంధువు. హిందీ తాలా ఆ కోవలోనిదే. చెవి యనునది శ్రవణేంద్రియము గాక, 16వ శతాబ్దినుండి మన తీరములందు వర్తకము నెరపిన పోర్చుగీసువారి ‘చావె’ నుండి వచ్చినదని భాషావేత్తల యభిప్రాయము. హిందీ చాబీ, తమిళ సావి దాని సంతతియే. తెలుగువాడు మాత్రము తనకు పరిచితమైన అవయవనామములో దానిని కలిపివేసెను. తాళమునకు బీగమను మాటయు మనకు కలదు. కన్నడిగులు చెవికి మారుగా ‘బీగద కై’, అనగా బీగపుచేయి, యందురు. ఐరిష్ భాషయందును తాళము ‘గ్లస్’, చెవి ‘ఒఖిర్’ అని వేర్వేరు మాటలు. ఇక లీవరుతాళమున, 1778లో రాబర్ట్ బారన్ పేటెంటు పొందిన విధానము చొప్పున, చెవిపండ్లు ప్రతి లీవరును తగినంత యెత్తునకే లేపిననాడే గడియ కదలును. కావున పాత తాళమును బాగుచేయువానికి అరిగినది చెవియా, చెడినది తాళమా యని తెలుపుట అవసరము, అందుకు రెండు మాటలును మనకు కావలెను.