సైబరాబాద్ ఇళ్లలో మురుగు పంపు

వీధి డ్రైనేజీ కంటే దిగువన ఉన్న మరుగుదొడ్లు, స్నానాల గదుల నీటిని ఒక సంపులో పట్టి పైకి ఎత్తిపోసే మోటారును మురుగు పంపు అంటారు. హైదరాబాద్ పశ్చిమాన సైబరాబాద్‌గా పిలిచే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట్ ప్రాంతాల సెల్లార్లలో, విల్లాల్లో, అపార్టుమెంట్ల మురుగు శుద్ధి ప్లాంట్లలో ఇది కనిపిస్తుంది.

పాత నగరంలో ఇళ్లకు దీని అవసరం అంతగా పడలేదు. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నియంత్రణతో పాటు భూగర్భ డ్రైనేజీకీ ప్రణాళిక వేశారు. 1931లో మొదలైన ఆ వ్యవస్థను 54 చదరపు కిలోమీటర్లలో 4.68 లక్షల మంది కోసం తలపెట్టారు. నేల వాలు మూసీ వైపే ఉండటంతో మురుగు చాలా చోట్ల తనంతట తానే పారింది.

వాలు లేని ఊళ్లు మాత్రం అప్పటికే యంత్రాలను ఆశ్రయించాయి. ఐజాక్ షోన్ 1878లో బ్రిటన్‌లో పేటెంటు పొందిన ఎజెక్టర్ గాలి ఒత్తిడితో మురుగును నెట్టేది. దాన్ని బొంబాయిలో, రంగూన్‌లో వాడారు. మురుగులో మునిగి ఉండే విద్యుత్ పంపును స్వీడన్ సంస్థ ఫ్లిగ్ట్ 1956లో తెచ్చింది. నేటి ఇళ్లలో ఉన్నవి ఈ రెండో కోవకు చెందినవి.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఈ ప్రాంతంలో చాలా భాగం ఉన్న శేరిలింగంపల్లి 2007లో గాని గ్రేటర్ హైదరాబాద్‌లో కలవలేదు. భవనాలు ముందు లేచాయి, డ్రైనేజీ లైన్లు వెనక వచ్చాయి. ఈ ప్రాంతపు మురుగు సమస్యకు మూలం ఆ వరుసలోనే ఉంది. లైను లేని చోట సెప్టిక్ ట్యాంకు, దాన్ని ఖాళీ చేయడానికి ట్యాంకరు తప్పలేదు. స్థలంతో పోలిస్తే ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న పరిమితి లేకపోవడంతో టవర్లు ఎత్తు పెరిగాయి, వాటి కార్ల కోసం గ్రానైట్ రాయిని పేల్చి సెల్లార్లు కిందికి దించారు. అంత లోతులో కట్టిన డ్రైవర్ల, వాచ్‌మన్ల మరుగుదొడ్ల నీరు వాలుతో రోడ్డు మీది మ్యాన్‌హోల్‌కు చేరదు.

2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపై విస్తీర్ణమున్న కట్టడాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి. పెద్ద కమ్యూనిటీలకు సొంత శుద్ధి ప్లాంట్లు ఈ అనుమతి షరతులతోనే వచ్చాయి. అక్కడ పంపు మురుగును బయటికి నెట్టడంతో ఆగదు. ఫ్లష్‌కూ చెట్లకూ తిరిగి వాడే నీటి ప్రయాణం దానితోనే మొదలవుతుంది.

పనితీరు సులభమే. సంపులో నీరు ఒక మట్టానికి చేరగానే ఫ్లోట్ స్విచ్ మోటారును నడిపిస్తుంది, నీరు తగ్గగానే ఆపుతుంది. ఎత్తిన నీరు వెనక్కి జారకుండా నాన్ రిటర్న్ వాల్వు అడ్డుకుంటుంది. సంపు మూత బిగుతుగా ఉండాలి, వాయువు పోయే గొట్టం పైకప్పు దాటాలి. అపార్టుమెంటులో రెండు పంపులు వంతులవారీగా నడవాలి, రెంటికీ జనరేటర్ కరెంటు అందాలి. కరెంటు పోయినా కుళాయిల వాడకం ఆగదు, సంపు నిండుతూనే ఉంటుంది. వానాకాలంలో సెల్లార్ ర్యాంపు మీంచి దిగే వాన నీటికి వేరే సంపు ఉండాలి. రెంటినీ కలిపిన చోట ఒక్క గట్టి వానకే మురుగు పొంగి పార్కింగులోకి వస్తుంది.

పంపును చెడగొట్టేవి ఎక్కువగా ఇంట్లోంచి వచ్చేవే: శానిటరీ ప్యాడ్లు, తడి తుడుపు గుడ్డలు, కొబ్బరి పీచు, తల వెంట్రుకలు. గుడ్డ ఇంపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు వేడెక్కి కాలుతుంది. వంటనూనె పేరుకుని ఫ్లోట్‌ను కదలనివ్వదు. సీలు అరిగితే పంపులోని నూనె గదిలోకి నీరు చేరుతుంది, ఆ తర్వాత వైండింగు పోతుంది. నెలకోసారి ఫ్లోట్‌ను ఎత్తి చూడటం, ప్యానెల్‌లో కరెంటు రీడింగు రాసుకోవడం, హెచ్చరిక గంట మోగుతుందో లేదో పరీక్షించడం వంటి చిన్న పనులే పెద్ద ఖర్చును తప్పిస్తాయి. పంపుకు గైడ్ పట్టాలు, గొలుసు పెట్టించడం అన్నిటికన్నా ముఖ్యం. అవి ఉంటే మనిషి దిగకుండానే దాన్ని పైకి లాగవచ్చు.

ఎందుకంటే సంపులో, మ్యాన్‌హోల్‌లో పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. గాఢత పెరిగితే వాసన కూడా తెలియదు. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లో నలుగురు చనిపోయారు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నేరంగా చేసింది. అలా చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పంపు మొరాయించినప్పుడు వాచ్‌మన్‌నో, దారినపోయే కూలీనో దింపడానికి ఏ అసోసియేషన్‌కూ హక్కు లేదు. దిగినవాడు పడిపోతే కాపాడబోయినవాడూ ప్రాణం పోగొట్టుకుంటాడు.

నగరానికి 31 కొత్త శుద్ధి ప్లాంట్లు కట్టాలని తెలంగాణ ప్రభుత్వం 2021లో నిర్ణయించింది. 2023లో కోకాపేట్‌లో రోజుకు కోటిన్నర లీటర్లు, దుర్గం చెరువు వద్ద 70 లక్షల లీటర్లు శుద్ధి చేసే ప్లాంట్లు ప్రారంభమయ్యాయి. వీధిలోకి నగర నీటి సరఫరా, మురుగు సంస్థ జలమండలి లైను వచ్చాక సెప్టిక్ ట్యాంకుతో పని తీరవచ్చు గాని సెల్లార్ మట్టం మారదు కాబట్టి పంపు ఉండాల్సిందే. బిల్డర్ నుంచి భవనాన్ని స్వీకరించేటప్పుడు లిఫ్టులు, జనరేటర్ల కాగితాలతో పాటు సంపుల నక్షా, పంపుల సామర్థ్యం, సర్వీసు ఒప్పందం కూడా నివాసితులు అడిగి తీసుకోవాలి.