పేరు అడగని నిఘా

1999 జనవరిలో ఇంటెల్ సంస్థ తన కొత్త పెంటియం 3 ప్రాసెసర్ గురించి ఒక ప్రకటన చేసింది. ప్రతి చిప్‌కూ ఒక విశిష్ట సంఖ్య ఉంటుందనీ, ఇంటర్నెట్ లావాదేవీల భద్రతకు అది ఉపకరిస్తుందనీ చెప్పింది. అమెరికాలోని పౌరహక్కుల సంఘాలు దానిని మరో విధంగా అర్థం చేసుకున్నాయి. మనిషి ఏ వెబ్‌సైట్‌కు వెళ్లినా వెన్నంటి వచ్చే ముద్ర అది అని హెచ్చరించి, బహిష్కరణకు పిలుపునిచ్చాయి. 2000లో ఇంటెల్ వెనక్కి తగ్గింది. తర్వాతి తరం చిప్‌లలో ఆ సంఖ్య ఉండదని ప్రకటించింది. ప్రజాభిప్రాయం ఒక సాంకేతిక నిర్ణయాన్ని వెనక్కి తిప్పిన అరుదైన సందర్భమది.

సంఖ్య పోయింది గాని, అది చేయవలసిన పని ఆగలేదు. యంత్రాన్ని గుర్తించడానికి దానికొక సంఖ్య అక్కరలేదనీ, దాన్ని కొలిస్తే చాలుననీ తర్వాతి పదేళ్లలో తేలిపోయింది.

కంప్యూటర్ సామర్థ్యాన్ని బ్రౌజర్‌లోనే పరీక్షించి మార్కులు వేసే బెంచ్‌మార్క్ వెబ్‌సైట్లు ఇందుకు చక్కని ఉదాహరణ. అవి ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నాయో, తెర పరిమాణమెంతో, గ్రాఫిక్స్ చిప్ ఏ రకానిదో అడుగుతాయి. ఒక త్రిమితీయ దృశ్యాన్ని గీయించి, అందుకు పట్టిన కాలాన్ని లెక్కిస్తాయి. ఈ వివరాలు లేకుండా పరీక్షే లేదు. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఏదీ అడగరు కాబట్టి ఇచ్చిందేమీ లేదని సందర్శకుడు భావిస్తాడు. నిర్వాహకుడికి దురుద్దేశం ఉండనక్కరలేదు. ఆ కొలతలు ఎంతకాలం భద్రపరుస్తారు, ఎవరితో పంచుకుంటారు అన్నదే అసలు ప్రశ్న.

2010లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు చెందిన పీటర్ ఎకర్స్లీ సుమారు 4 లక్షల 70 వేల బ్రౌజర్ల వివరాలను పరిశీలించారు. వాటిలో 83.6 శాతం మరే బ్రౌజర్‌తోనూ పోలని లక్షణాల కలయికతో కనిపించాయి. 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు మరో అడుగు వేశారు. ఒకే బొమ్మను, ఒకే వాక్యాన్ని గీయమన్నా వేర్వేరు కంప్యూటర్లు సూక్ష్మమైన తేడాలతో గీస్తాయని నిరూపించారు. 2022లో ఇజ్రాయెల్, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా పరిశోధకులు 2,500కు పైగా పరికరాలపై చేసిన అధ్యయనం అన్నిటికన్నా కీలకమైనది. ఒకే కర్మాగారంలో ఒకే నమూనాగా తయారైన గ్రాఫిక్స్ చిప్‌ల మధ్య కూడా వేగంలో స్వల్ప భేదాలుంటాయనీ, బ్రౌజర్‌లోంచే వాటిని పసిగట్టి ఏది ఏదో వేరుచేయవచ్చుననీ అది చూపింది. అంటే బెంచ్‌మార్క్ కొలిచే వేగమే వేలిముద్ర కాగలదు. కుకీని చెరిపివేయవచ్చు. చిప్ స్వభావాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు.

పేరు అడగకుండా, ఒంటిమీద చేయి వేయకుండా వెంబడిస్తే హక్కుకు భంగం కలిగినట్టేనా? ఈ ప్రశ్న భారత సుప్రీంకోర్టు ముందుకు కంప్యూటర్ల కాలానికి ఎంతో ముందే వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రివేళ తలుపు తట్టేవారు, రాకపోకలపై కన్ను వేసేవారు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాత్రి సోదాలను కొట్టివేసింది. కాని కదలికలపై నిఘాను తప్పుపట్టలేదు; గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ తీర్పు పేర్కొంది. రాజమహేంద్రవరంలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం విభేదించారు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, నిఘా నీడలో తిరిగే మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదన్నది ఆయన వాదన సారం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించినప్పుడు, ఆనాటి ఆ భిన్నస్వరమే నెగ్గింది.

తీర్పు ఇచ్చిన దానిని చట్టం ఎంత నిలబెట్టింది? 2019లో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు వ్యక్తిగత డేటాను విస్తృతంగా నిర్వచించింది. ప్రత్యక్షంగా గాని, పరోక్షంగా గాని మనిషిని గుర్తించగల ఆన్‌లైన్ లక్షణాలు, వాటి కలయికలు, వాటినుంచి తీసే అంచనాలు కూడా అందులో చేరాయి. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లును ఉపసంహరించుకుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో మిగిలింది ఒక్క వాక్యం: గుర్తించదగిన వ్యక్తికి సంబంధించిన డేటా. అంచనాల ప్రస్తావన మాయమైంది. పరికరం కొలతలు ఈ వాక్యం కిందికి వస్తాయని వాదించవచ్చు, రావని కూడా వాదించవచ్చు. పొరుగున శ్రీలంక 2022లో చేసిన చట్టం ఆన్‌లైన్ గుర్తింపు చిహ్నాలను నిర్వచనంలోనే చేర్చి ఈ సందేహానికి తావివ్వలేదు.

సంస్థల సంగతి ఇలా ఉంటే, తన విభాగాలకు చట్టంనుంచి మినహాయింపు ఇచ్చుకునే అధికారాన్ని కేంద్రం అట్టిపెట్టుకుంది. మారుపేరుతో రాసే విమర్శకుడు, సమాచారం అందించే ఉద్యోగి, ఉద్యమకారుడు ఖాతాలు మార్చినా కంప్యూటర్‌ను మార్చలేరు. సరదాగా చేసిన ఒక వేగపరీక్ష ఫలితం వారి రెండు జీవితాలనూ కలిపే దారం కావచ్చు.

2025 నవంబరులో చట్టానికి నిబంధనలు వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. యంత్రపు కొలతలు మనిషిని పట్టించగలిగినప్పుడు అవి వ్యక్తిగత డేటాయేనని ఈలోగా పార్లమెంటు స్పష్టం చేయాలి. అది జరగకపోతే, డేటా ప్రొటెక్షన్ బోర్డు తన తొలి నిర్ణయాల్లోనైనా ఆ మాట చెప్పాలి. సుబ్బారావు మాట చెల్లుబాటు కావడానికి 55 ఏళ్లు పట్టింది. ఈసారి అంత వ్యవధి లేదు.