మెటియాబ్రుజ్ ముషాయిరా: రాసేవారికి సభ ఏమిస్తుంది?

కోల్‌కతా నైరుతి కొసన, హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ పేరు చెబితే ఈ రోజు బెంగాల్‌లో ఎవరికైనా గుర్తొచ్చేది కుట్టుమిషన్ల చప్పుడు, రెడీమేడ్ దుస్తుల హోల్‌సేల్ వ్యాపారం. నూటయాభై ఏళ్ల క్రితం అక్కడ వినిపించింది వేరు. అది లక్నో ఉర్దూ. రాజ్యం పోగొట్టుకున్న ఒక నవాబు చుట్టూ చేరిన కవులు, గాయకులు, హకీములు, పండితులు ఆ నది ఒడ్డున చిన్న లక్నోను కట్టుకున్నారు. ఆ ఊరు నిలిచింది ముప్పై ఏళ్లే. అక్కడి మేడలు దాదాపుగా ఏవీ మిగల్లేదు. కానీ అక్కడి సభల్లో కూర్చుని వినడం, రాయడం నేర్చుకున్న మనుషులు లక్నోలోనూ హైదరాబాద్‌లోనూ ఉర్దూ సాహిత్యాన్ని మలుపు తిప్పారు.

రచన ఒంటరిగా చేసే పని అన్నది సగమే నిజం. రాసేది ఒంటరిగానే అయినా, రాయడం నేర్చుకునేది నలుగురిలో. మెటియాబ్రుజ్ కథ అందుకు మంచి ఉదాహరణ.

మట్టి బురుజు దగ్గర మరో లక్నో

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకుంది. సత్యజిత్ రాయ్ తీసిన 'శత్రంజ్ కే ఖిలాడీ' చూసినవారికి ఈ ఘట్టం గుర్తుండే ఉంటుంది. చివరి నవాబు వాజిద్ అలీ షా తన మొర వినిపించుకోవడానికి అప్పటి రాజధాని కలకత్తాకు బయల్దేరారు. మే నెలలో అక్కడికి చేరారు. లండన్ వెళ్లి న్యాయం అడగాలన్నది ఆలోచన. ఆరోగ్యం సహకరించక ఆయన ఆగిపోగా, తల్లి లండన్ వెళ్లారు. పని జరగలేదు. తిరుగు ప్రయాణంలో 1858లో ఆమె పారిస్‌లో కన్నుమూశారు.

1857 తిరుగుబాటు మొదలవగానే బ్రిటిషువారు నవాబును ఫోర్ట్ విలియంలో నిర్బంధించారు. 1859లో విడుదలయ్యాక ఆయన మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డారు. ఉర్దూవాళ్లు దీన్ని 'మటియా బుర్జ్' అంటారు. తెలుగువారికి అనువాదం అక్కర్లేని పేరు: మట్టి బురుజు. ఏటా 12 లక్షల రూపాయల పింఛనులో పెద్ద భాగం భవనాలకు, తోటలకు, జంతుశాలకు, సంగీతానికి, కవిత్వానికి ఖర్చయ్యేది. ఆయన వెంట లక్నో నుంచి వేలాది మంది వచ్చి చుట్టూ ఇళ్లు వేసుకున్నారు. వారితోపాటు లక్నో యాస, గాలిపటాల పందేలు, ముహర్రం ఊరేగింపులు, వంటలు కూడా వచ్చాయి. ముషాయిరా కూడా అలాగే వచ్చింది.

నవాబు స్వయంగా కవి. 'అఖ్తర్' అనే కలంపేరుతో ఎన్నో పుస్తకాలు రాశారు. లక్నో విడిచిన బాధను, ఖైదు రోజులను 'హుజ్న్-ఎ-అఖ్తర్' అనే మస్నవిలో చెప్పుకున్నారు. కవిత్వంలో ఆయన గురువు మీర్జా మహమ్మద్ రజా 'బర్క్' కూడా వెంట వచ్చినవారిలో ఉన్నారు. ఆయన 1857లో కలకత్తాలోనే మరణించారు.

ముషాయిరా ఎలా నడిచేది

ముషాయిరా అంటే కవులు ఒకచోట చేరి ఒకరి తర్వాత ఒకరు తమ గజళ్లను వినిపించే సభ. పాత పద్ధతిలో వెలుగుతున్న షమాను, అంటే కొవ్వొత్తిని, ఎవరి ముందు పెడితే వారు చదవాలి. ముందు కుర్ర కవులు, చివర పెద్ద ఉస్తాదులు. నచ్చిన చరణానికి 'వాహ్‌వా', మళ్లీ వినాలనిపిస్తే 'ముకర్రర్'. నచ్చకపోతే మౌనం. ఆ మౌనం తిట్టు కంటే గట్టిగా తగిలేది.

ఎక్కువ సభలు 'తరహీ' సభలు. నిర్వాహకులు ముందుగానే ఒక మిస్రా, అంటే పద్యంలో ఒక పాదం, ప్రకటిస్తారు. వచ్చే కవులంతా అదే ఛందస్సులో, అదే ప్రాసలో, ప్రాస తర్వాత తిరిగి తిరిగి వచ్చే అదే రదీఫ్‌తో గజల్ రాసుకుని రావాలి. ఇచ్చిన పాదానికి తమ పాదం ఒకటి అతికించి కొత్త అర్థం పుట్టించడం అందులో ఒక ముచ్చట. మన సమస్యాపూరణానికి ఇది దగ్గరి చుట్టం. తేడా ఒకటే. అవధానంలో ఒక్కరే పూరిస్తారు, తరహీ ముషాయిరాలో ఇరవై మంది ఒకే కొలతకు ఇరవై రకాలుగా కుట్టి తెస్తారు.

సభ వల్ల కలిగే లాభాలు

మొదటిది, వినేవాళ్లు దొరకడం. కొత్త కవికి పుస్తకం ఉండదు, పేరు ఉండదు. సభలో మాత్రం అతని వంతు వస్తుంది. ఏ పాదం దగ్గర తలలు ఊగాయో, ఏ పాదం దగ్గర పక్కవాళ్లతో మాటలు మొదలయ్యాయో అక్కడికక్కడే తెలుస్తుంది.

రెండోది, పోలిక. అందరూ ఒకే ప్రాసకు రాసుకొచ్చినప్పుడు ఎవరికి వారికే తమ ఎత్తు తెలిసిపోతుంది. తనకు తట్టని అర్థం పక్కవాడికి ఎలా తట్టిందో గమనించడమే పెద్ద పాఠం. ఒంటరిగా వంద గజళ్లు రాసినా ఆ పాఠం దొరకదు.

మూడోది, దిద్దుబాటు. ఉర్దూలో దీన్ని 'ఇస్లాహ్' అంటారు. శిష్యుడు రాసింది ఉస్తాద్‌కు చూపించాలి. ఆయన ఒక మాట మారుస్తారు, ఒక పాదం కొట్టేస్తారు. ఇది ఎదురెదురుగా కూర్చుంటేనే జరగాలని కూడా లేదు. హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు గురువుగా ఉన్న దాగ్ దెహల్వీకి దేశం నలుమూలల నుంచి శిష్యులు టపాలో గజళ్లు పంపేవారు. అలా పంపిన కుర్రాళ్లలో ఇక్బాల్ ఒకరు. కొద్దికాలానికే, ఇక నీకు దిద్దుబాటు అవసరం లేదని దాగ్ ఆయనకు చెప్పేశారు.

నాలుగోది, పేరు ఊరు దాటడం. 19వ శతాబ్దం రెండో సగంలో అచ్చుయంత్రాలు పెరిగాక ముషాయిరాల్లో చదివిన గజళ్లు 'గుల్‌దస్తా' అనే పత్రికలుగా వెలువడేవి. ఒక ఊళ్లో చదివినది ఇంకో ఊళ్లో చదువరులకు చేరేది. సభకు వెళ్లడం అచ్చుకు దారి అయింది.

ఘాలిబ్‌కు కలకత్తా నేర్పిన పాఠం

సభలో మెచ్చుకోళ్లే కాదు, ఆక్షేపణలూ ఉంటాయి. వాటి విలువ తెలియాలంటే మెటియాబ్రుజ్ వెలియడానికి మూడు దశాబ్దాల ముందు అదే కలకత్తాలో జరిగిన ఒక ఘటన చూడాలి. పింఛను తగాదా పరిష్కరించుకోవడానికి మీర్జా ఘాలిబ్ 1828లో ఢిల్లీ నుంచి కలకత్తా వచ్చారు. కలకత్తా మదరసాలో జరిగే ముషాయిరాలో పారసీ గజల్ చదివారు. సభలో కొందరు ఒక పదప్రయోగం తప్పన్నారు. అందుకు ప్రమాణంగా ఖతీల్ అనే పండితుడి వ్యాకరణాన్ని చూపించారు. పారసీ పుట్టుభాష కాని భారతీయుడి మాట తనకు ప్రమాణం కాదని ఘాలిబ్ తోసిపుచ్చారు. ఖతీల్ అభిమానులు నిండిన ఊళ్లో అది నిప్పు మీద నెయ్యి పోసినట్టయింది.

పింఛను పని మీద వచ్చిన మనిషికి ఊరంతా శత్రువులైతే ఎలా? మిత్రులు సర్దిచెప్పారు. ఘాలిబ్ ఒక మస్నవి రాశారు. దాని పేరు 'బాద్-ఎ-ముఖాలిఫ్', అంటే ఎదురుగాలి. పైకి క్షమాపణలాగే ఉంటుంది. లోపల మాత్రం తన పక్షాన్ని వదల్లేదు. పింఛను వ్యవహారం ఆయన కోరినట్టు తేలలేదు. కానీ ఆ ఎదురుగాలి వల్ల ఒక మంచి కావ్యం పుట్టింది. భాషలో ప్రమాణం ఎవరిది అనే ప్రశ్న ఆయనను జీవితాంతం వదల్లేదు. వృద్ధాప్యంలో పారసీ నిఘంటువుపై ఆయన చేసిన వాదం కూడా ఆ ప్రశ్నకు కొనసాగింపే.

సభ అంచున కూర్చున్న కుర్రాడు

మెటియాబ్రుజ్ గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఒక్క రచయిత వల్ల తెలిసింది. ఆయన అబ్దుల్ హలీమ్ షరర్. 1860లో లక్నోలో పుట్టారు. తాతగారు, తండ్రి నవాబు కొలువులో ఉండటంతో తొమ్మిదేళ్ల వయసులో మెటియాబ్రుజ్ చేరారు. యౌవనం వచ్చేవరకు అక్కడే ఉన్నారు. అరబ్బీ, పారసీ, తర్కం అక్కడి పండితుల దగ్గరే చదువుకున్నారు. నవాబు ఇంటి కుర్రాళ్లతో తిరిగారు, పెద్దల సంభాషణలు విన్నారు.

మెటియాబ్రుజ్‌లో ఉండగానే ఆయన లక్నో పత్రిక 'అవధ్ అఖ్బార్'కు అక్కడి విశేషాలు రాసి పంపడం మొదలుపెట్టారు. రచయితగా ఆయన తొలి అడుగులు అవే. తర్వాత లక్నో వెళ్లి అదే పత్రికలో చేరారు. 1887లో సొంత పత్రిక 'దిల్‌గుదాజ్' పెట్టారు. ఉర్దూ చారిత్రక నవలకు దారి వేశారు. 1913 నుంచి ఆ పత్రికలోనే లక్నో సంస్కృతిపై ఆయన రాసిన వ్యాసాలు 'గుజిష్తా లఖ్నవూ'గా ప్రసిద్ధమయ్యాయి. వంట నుంచి సంగీతం దాకా, పలకరింపుల నుంచి పక్షి పందేల దాకా అంత వివరంగా రాయగలిగారంటే, కారణం చిన్నప్పుడు విన్న మాటలే. సభలో పాల్గొనడం అంటే చదవడమే కాదు, శ్రద్ధగా వినడం కూడా.

అక్కడి నుంచి హైదరాబాద్‌కు

తెలుగు నేలకు నేరుగా సంబంధించిన పేరు మరొకటి ఉంది: సయ్యద్ అలీ హైదర్ నజ్మ్ తబాతబాయీ. ఆయన మెటియాబ్రుజ్‌లో నవాబు కుమారులకు పాఠాలు చెప్పేవారు. 1887 సెప్టెంబరులో వాజిద్ అలీ షా మరణించాక హైదరాబాద్ వచ్చి నిజాం కాలేజీలో చాలా ఏళ్లు బోధించారు. 1900లో ఘాలిబ్ ఉర్దూ కవిత్వానికి ఆయన రాసిన వ్యాఖ్యానం అచ్చయింది. ఘాలిబ్‌కు పూర్తి స్థాయి వ్యాఖ్యానాల్లో మొదటితరం పుస్తకమది. ఇప్పటికీ పండితులు దాన్ని పక్కన పెట్టుకునే ఘాలిబ్‌ను చదువుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఏర్పడిన అనువాద సంస్థ దారుల్ తర్జుమాలోనూ ఆయన పనిచేశారు.

ఆ వ్యాఖ్యానం తీరు చూస్తే ముషాయిరా శిక్షణ కనిపిస్తుంది. మంచి చరణాన్ని మెచ్చుకుంటారు. మాట పొసగని చోట ఘాలిబ్ అయినా సరే తప్పు పడతారు. పేరు చూసి కాకుండా పాదం చూసి తీర్పు చెప్పడం సభలో నేర్చుకునే విద్య.

ఆయన థామస్ గ్రే ఆంగ్ల ఎలిజీని 'గోర్-ఎ-గరీబాఁ' పేరుతో ఉర్దూ చేశారు. ఉర్దూ అనువాద కవిత్వంలో అది మైలురాయి. 1897లో అది వెలుగు చూసింది షరర్ పత్రిక 'దిల్‌గుదాజ్'లో. ఒకప్పుడు మెటియాబ్రుజ్‌లో ఉన్న ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ నుంచి రాశారు, ఇంకొకరు అచ్చు వేశారు. అప్పటికి నవాబు పోయి పదేళ్లు. సభ చెదిరినా అందులోని పరిచయం పనిచేస్తూనే ఉంది.

లోపాలు లేవా?

ఉన్నాయి. మెటియాబ్రుజ్ సభ ఒక్కరి పింఛను మీద నిలిచింది. ఆయన మరణంతోనే కొలువు చెదిరింది. భవనాలు అమ్ముడయ్యాయి, కూలిపోయాయి. జీతం ఇచ్చే మనిషే కవిగా కూర్చున్న చోట ఆయన పాదం కుంటిందని చెప్పడం ఎవరికైనా కష్టమే. పోషకుడి సభలో మెప్పు చవక, నిజం ఖరీదు.

మరో ప్రమాదం కొట్లాట. 1905లో 'గుల్జార్-ఎ-నసీమ్' అనే మస్నవిపై షరర్‌కూ కవి చక్‌బస్త్‌కూ మధ్య నడిచిన వివాదం ఉర్దూలో ప్రసిద్ధం. కావ్యం మంచిచెడ్డలతో మొదలైన చర్చ పత్రికల్లో వ్యక్తిగత ఎగతాళిగా మారింది. ఎవరో కొత్త సంగతి చెబుతారని వచ్చిన చదువరికి తిట్లు మిగిలాయి.

తెలుగులో ఇదే పని పోషకుడు లేకుండా చేసిన ఉదాహరణ తెనాలి సాహితీ సమితి. తల్లావజ్ఝల శివశంకరశాస్త్రి సభాపతిగా యువకవులు తమ రచనలు ఒకరికొకరు వినిపించుకున్నారు, సొంత పత్రిక నడుపుకున్నారు. భావకవిత్వం నిలదొక్కుకోవడంలో ఆ కూడికకు వాటా ఉంది. ఏ రాజూ పింఛనివ్వలేదు కాబట్టి ఏ రాజు పోయినా వారి సభ చెదరాల్సిన పని లేకపోయింది.

మిగిలింది

ఇప్పుడు మెటియాబ్రుజ్ వెళితే సిబ్‌తైనాబాద్ ఇమాంబారా కనిపిస్తుంది. వాజిద్ అలీ షా సమాధి అందులోనే ఉంది. చుట్టూ దర్జీ దుకాణాలు, గుడ్డల మూటలు, నది వైపు నౌకానిర్మాణ కేంద్రం. నవాబు తోటలూ మేడలూ ఉన్న చోటు గుర్తుపట్టడం కష్టం.

అయినా ఆ సభ పూర్తిగా పోయిందని అనలేం. లక్నో గురించి ఎవరు రాసినా షరర్‌ను చూడకుండా రాయలేరు. హైదరాబాద్‌లో కూర్చుని ఘాలిబ్‌కు అర్థం చెప్పిన మనిషి మెటియాబ్రుజ్ నుంచి వచ్చినవాడు. నలుగురిలో కూర్చుని వినడం, చదవడం, తప్పు పట్టించుకోవడం, తప్పు పట్టడం అలవాటైన రచయిత ఆ సభను తనతో మోసుకుపోతాడు. కట్టడాలు కూలినా ఆ అలవాటు వేరే ఊళ్లో మళ్లీ మొదలవుతుంది.