ఊరు మేపిన ఆంబోతు

ఒంగోలు ప్రాంతంలో ఒకప్పుడు కలిగిన రైతు కన్నుమూస్తే ఆయన పేరిట ఒక కోడెను దేవుడికి వదిలేవారు. ఏ కోడె పడితే ఆ కోడె పనికొచ్చేది కాదు. పశువుల మంచిచెడ్డలు తెలిసిన పెద్దలు చుట్టుపక్కల ఊళ్లు గాలించి, మూపురం, గంగడోలు, కాళ్ల పొందిక చూసి మరీ ఎంచేవారు. తొడల మీద శూలం, చక్రం ముద్రలు వేసి విడిచిపెట్టాక అది ఇక ఏ ఇంటి సొత్తూ కాదు.

అచ్చు పడిన కోడెకు ఊరంతా మేతే. జొన్నచేలో దిగితే అదిలించి పంపేవారు గాని బందెలదొడ్డికి తోలేవారు కాదు. వాకిట్లోకి వస్తే తవుడో, నానిన ఉలవలో, తెలగపిండో పెట్టేవారు. దాని పోషణకని దాత కుటుంబం కొంత సొమ్ము ఊరి పెద్ద దగ్గర ఉంచడమూ ఉండేది. ఊళ్లో ఎదకొచ్చిన ఆవులను చూడికట్టించే భారం దానిది. మంచి కోడెను ఎంచడం, ఎంచినదాన్ని కడుపునిండా మేపడం: ఈ రెండూ ఒకే ఆచారంలో కలిసి ఉండేవి.

ఆ ఆచారం చట్టానికి చిక్కుముడే అయింది. ఇలా వదిలేసిన ఆంబోతుకు యజమాని లేడు కాబట్టి దాన్ని పట్టుకుపోవడం దొంగతనం కిందికి రాదని 1880ల్లో అలహాబాద్ హైకోర్టు తేల్చింది.

ఎంపికనూ మేతనూ విడదీసిన ఆలోచన కూడా అదే దశకంలో వచ్చింది. జర్మనీ శాస్త్రవేత్త ఆగస్ట్ వైస్‌మన్ తరతరాల ఎలుకలకు తోకలు కత్తిరించి చూశాడు. ప్రతి కాన్పులోనూ పిల్లలు నిండు తోకలతోనే పుట్టాయి. శరీరానికి జరిగింది బీజకణాలకు చేరదని ఆయన వాదం. ఆ తర్వాత పశుపోషణ శాస్త్రంలో తండ్రి అంటే వంశమే. మేత వల్ల ఆంబోతుకు బలం వస్తుంది, వీర్యం బాగుంటుంది, అంతకు మించి దూడకు చేరేదేమీ లేదనుకున్నారు.

ఆ వంశబలం చిన్నదేమీ కాదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే సముద్రం దాటిన ఒంగోలు జాతికి బ్రెజిల్‌లో ‘నెలోర్’ అన్న పేరు స్థిరపడింది. 1960ల మొదట్లో వెళ్లిన పశువులను ముందు ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో క్వారంటైన్‌లో ఉంచారు. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతో వెళ్లిన ‘కర్వాడి’ అనే ఆంబోతు అక్కడి మందలకు మూలపురుషుల్లో ఒకటైంది. ఇవాళ బ్రెజిల్ మాంసపు పశువుల్లో అధికభాగం నెలోర్, లేదా దాని సంకరమే.

మేత సంగతి మళ్లీ చర్చకు వచ్చింది ఈ శతాబ్దంలోనే. 2012లో వెలువడిన ఒక స్విట్జర్లాండ్ అధ్యయనంలో కొన్ని మగపందులకు మిథైల్ సమూహాలను అందించే పోషకాలు ఎక్కువగా పెట్టారు. వాటి మనవలలో కొవ్వు తగ్గింది, భుజభాగపు మాంసం వాటా పెరిగింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు కవల పొట్టేళ్లను తీసుకుని, ప్రతి జతలో ఒకదానికి పాలు మాన్పించినప్పటి నుంచి ఈడుకొచ్చేదాకా అలాంటి పోషకమే అయిన మిథియోనిన్ కలిపిన దాణా పెట్టారు. 2022లో వచ్చిన వారి ఫలితాల ప్రకారం ఆ మేత తేడా ప్రభావం పిల్లల్లోనూ, ఆ పిల్లల పిల్లల్లోనూ కనిపించింది. జన్యువుల అక్షరాలు మారలేదు. ఏ జన్యువు ఎంత పనిచేయాలో చెప్పే మిథైల్ గుర్తులు మారాయి, వాటితో పాటు ఎదుగుదల, సంతానశక్తికి సంబంధించిన కొన్ని లక్షణాలూ మారాయి.

మిథియోనిన్ మన పల్లెకు పరాయిది కాదు. ఉలవల్లాంటి పప్పుజాతి గింజల్లో అది తక్కువ, నువ్వుల్లో పుష్కలం. నువ్వులు గానుగాడగా మిగిలిన తెలగపిండిలో అది గట్టిగానే నిలుస్తుంది. ఉలవలతో పాటు తెలగపిండి పెట్టిన ఇల్లాలు ఒకదాని కొరత మరొకదానితో పూడ్చింది. మనవల తరం మీద గుర్తులు వేయాలని ఆమె అనుకోలేదు, ఆంబోతు నిగనిగలాడాలనుకుంది. పందుల్లో, గొర్రెల్లో తేలినదాన్ని ఒంగోలు జాతికి అంటగట్టడం తొందరపాటే అవుతుంది. అయినా తండ్రి పశువు మేతను ఊరు తన బాధ్యతగా తీసుకోవడం ఎంత విలువైనదో ఈ ఫలితాలు చూశాక మరింత తెలిసివస్తోంది.

ఇప్పుడు ఆంబోతు ఊళ్లో తిరగదు. దాని వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో గడ్డకట్టిన స్ట్రాలుగా వస్తుంది. ఒక్క ఆంబోతుకు వేల దూడలు. ఆంబోతులో వీర్యకణం తయారవడానికి దాదాపు 61 రోజులు పడుతుంది, అంటే సేకరణకు ముందు రెండు నెలల మేత నేరుగా ఆ స్ట్రాలో ఉన్నదాని మీద పనిచేసి ఉంటుంది. రైతుకు తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చిందో చెబుతున్నారు. తండ్రి ఏం తిన్నదో కూడా ఆ పక్కనే రాసిపెడితే, పాతికేళ్లలో తండ్రి మేత దూడలకు చేరుతుందా అన్న ప్రశ్నకు మన జాతుల మీదే జవాబు వెతికేందుకు ఆధారాలు సమకూరుతాయి.