కొసరు వేరు, ఫ్రీ వేరు

కూరగాయల బండి దగ్గర తూకం అయిపోయాక అమ్మే ఆవిడ నాలుగు పచ్చిమిరపకాయలో, ఓ కరివేపాకు రెబ్బో సంచీలో పడేస్తుంది. అది కొసరు. వెయ్యకపోతే అడిగి మరీ వేయించుకుంటాం. కొసరడం అని దానికో క్రియ కూడా ఉంది మనకి. ఈ కొసరుకి ఒక లక్షణం ఉంది: బేరం ముగిశాకే వస్తుంది. డబ్బులిచ్చేశాం, సంచీ తీసుకున్నాం, లెక్క తేలిపోయింది. రేపు మళ్ళీ ఆ బండి దగ్గరికే వెళ్ళాలన్న షరతు లేదు. వెళ్తే ఆవిడకి సంతోషం, అంతే.

మొబైల్ షాపు బయట ఆషాఢం ఆఫర్ ఫ్లెక్సీ మీద "ఫోన్ కొంటే ఇయర్‌ఫోన్స్ ఫ్రీ" అని చూసినప్పుడు మనకి ఈ కొసరే గుర్తొస్తుంది. అమ్మేవాడికి కావలసిందీ అదే. కానీ ఫోన్ల వ్యాపారంలో, ముఖ్యంగా నెలనెలా బిల్లు కట్టే కనెక్షన్లలో, "ఫ్రీ" అనే మాట కొసరు వంశంలో పుట్టలేదు. దాని వంశవృక్షం వేరే ఉంది. కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం.

1891లో విలియం రిగ్లీ జూనియర్ అనే కుర్రాడు షికాగో వచ్చాడు, వాళ్ళ నాన్న తయారుచేసే సబ్బు అమ్మడానికి. కొనే షాపులవాళ్ళకి ఆశ పెట్టడానికి సబ్బుతో బేకింగ్ పౌడర్ ఊరికే ఇచ్చాడు. జనం సబ్బు కంటే పౌడరే బాగుందన్నారు. సరే అని పౌడర్ వ్యాపారంలోకి దిగి, దానితో చూయింగ్ గమ్ ఊరికే ఇచ్చాడు. ఈసారి గమ్మే బాగుందన్నారు. రిగ్లీ పేరు ఇవాళ్టికీ గమ్ పొట్లాల మీదే ఉంది. ఊరికే ఇచ్చిన వస్తువే అసలు వ్యాపారం అయిపోవచ్చని చూపించిన కథ ఇది. అయితే ఇందులో ఇంకా చందా లేదు. సబ్బు కొన్నవాడు పౌడర్ తీసుకుని వెళ్ళిపోవచ్చు.

చందా వచ్చాక కథ మారింది. అమెరికాలో ఏటీ అండ్ టీ ఇళ్ళకి ఫోన్ అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. గోడకున్న తీగ, బల్ల మీదున్న ఫోన్, అన్నీ కంపెనీవే. దానికి మనం కొన్న వస్తువేదీ తగిలించకూడదు. హష్-ఎ-ఫోన్ అని ఒక చిన్న ప్లాస్టిక్ దొప్ప ఉండేది. ఫోన్లో మాట్లాడే వైపు తగిలిస్తే పక్కవాళ్ళకి మన మాట వినపడదు. కరెంటు లేదు, తీగ లేదు. ఏటీ అండ్ టీ దాన్ని కూడా ఒప్పుకోలేదు. నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కంపెనీ పక్షమే వహించింది. చివరికి 1956లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. మనిషి ఫోన్ దగ్గర అరచెయ్యి దొప్పలా పెట్టుకుని మాట్లాడినా అదే ఫలితం వస్తుంది కదా, దాన్ని ఆపరే, మరి దీన్నెందుకు ఆపుతున్నారు అన్నది అక్కడ కీలకమైన వాదన. 1968లో వచ్చిన కార్టర్‌ఫోన్ తీర్పుతో ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంది.

అరచేతిలో పట్టే దొప్ప కోసం అంత పెద్ద కంపెనీ ఏళ్ళ తరబడి ఎందుకు కొట్లాడింది? తగిలించే వస్తువు మీద పట్టు ఉంటే చందాదారుడి మీద పట్టు ఉంటుంది కాబట్టి. నిషేధించినా, ఫ్రీగా ఇచ్చినా లక్ష్యం ఒకటే.

ఫ్రీగా ఇచ్చే పద్ధతిని పెద్ద ఎత్తున చేసి చూపించింది ఫ్రాన్సు ప్రభుత్వం. 1982 నుంచి అక్కడి టెలిఫోన్ శాఖ మినిటెల్ అనే చిన్న తెర, కీబోర్డు ఉన్న టెర్మినల్‌ని చందాదారులకి ఊరికే పంచింది. లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ అచ్చువేసే ఖర్చు తగ్గుతుందని చెప్పారు. టెర్మినల్ ఉచితం, దాని మీద గడిపే నిమిషాలు ఉచితం కాదు. రైలు టిక్కెట్లు, బ్యాంకు లెక్కలు, అర్ధరాత్రి కబుర్లు, చాలా సేవలకి నిమిషాల లెక్కన ఫోన్ బిల్లులో పడేది. ఆ డబ్బుని టెలిఫోన్ శాఖ, సేవలు నడిపేవాళ్ళు పంచుకునేవారు. యాప్ స్టోర్ లెక్క అంటూ ఇప్పుడు మనం చెప్పుకునేది దాదాపు అదే. మినిటెల్ 2012 జూన్ 30 దాకా బతికింది.

ఇక మన జేబులోకి వద్దాం. కెనడాలోని వాటర్లూ అనే ఊళ్ళో మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ 1984లో పెట్టిన రీసెర్చ్ ఇన్ మోషన్, 1999లో బ్లాక్‌బెర్రీ ఈమెయిల్ సేవ మొదలుపెట్టింది. మొదటి పరికరం పేజర్ లాంటిది, ఫోన్ మాట్లాడటానికి పనికిరాదు. దాని గొప్పంతా ఒక్కటే: మెయిల్ కోసం మనం వెళ్ళక్కర్లేదు, మెయిలే మన దగ్గరికి వస్తుంది. ఆఫీసు మెయిల్ సర్వర్ పక్కన బ్లాక్‌బెర్రీ సర్వర్ ఒకటి కూర్చుంటుంది. కొత్త మెయిల్ రాగానే దాన్ని కుదించి, ఎన్‌క్రిప్ట్ చేసి, కంపెనీ నడిపే నెట్‌వర్క్ కేంద్రానికి తోస్తుంది. అక్కణ్ణించి మొబైల్ ఆపరేటర్‌కి, అక్కణ్ణించి మన నడుముకి. ఇంజనీరుగా చూస్తే ఇప్పటికీ ముచ్చటేసే డిజైన్ అది. వ్యాపారంగా చూస్తే ఇంకా ముచ్చటైనది. ఎందుకంటే ప్రతి చందాదారుడి మీదా ఆపరేటర్ నెలనెలా కొంత రుసుము రీసెర్చ్ ఇన్ మోషన్‌కి కట్టాలి. ఫోన్ ఒక్కసారి అమ్ముడవుతుంది, రుసుము మాత్రం చందా ఉన్నన్నాళ్ళూ వస్తుంది.

అందుకే పరికరాన్ని జనం చేతిలో పెట్టడమే కంపెనీకి అన్నిటికంటే ముఖ్యమైంది. తొలి రోజుల్లో వాళ్ళ సేల్స్ మనుషులు పెద్ద పెద్ద ఆఫీసర్లకి పరికరాన్ని ఊరికే ఇచ్చి వాడి చూడమనేవారు, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామనేవారు. కుక్కపిల్లని రెండ్రోజులు ఇంట్లో ఉంచి చూడండి అన్నట్టు. వెనక్కి ఎవరిస్తారు?

ఆ పరికరంతో వచ్చిన యాక్సెసరీల్లో నాకు బాగా ఆసక్తి కలిగించేది బెల్టుకి పెట్టుకునే తొడుగు, హోల్‌స్టర్. చూడ్డానికి మామూలు తొడుగే, కానీ లోపల ఒక అయస్కాంతం ముక్క ఉంటుంది. ఫోన్ తొడుగులో ఉందో, బయటికొచ్చిందో దాన్ని బట్టి ఫోన్‌కి తెలుస్తుంది. తొడుగులో ఉంటే ఇలా మోగు, చేతిలో ఉంటే అలా మోగు అని సెట్టింగ్స్ ఉండేవి. తొడుగులో పెట్టినా మెయిల్ రావడం ఆగదు, పిలిచే తీరు మాత్రం మారుతుంది. ఆ వ్యసనానికి "క్రాక్‌బెర్రీ" అని పేరు పెడితే, 2006లో వెబ్‌స్టర్స్ న్యూ వరల్డ్ కాలేజ్ నిఘంటువు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది.

2010, 2011లలో ఫ్రీకి మరో రూపం కనిపించింది. 2010 జూన్‌లో వచ్చిన ఐఫోన్ 4ని ఒక మూల చేత్తో పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని గొడవైంది. జూలై 16న స్టీవ్ జాబ్స్ విలేకరుల్ని పిలిచి, కొన్నవాళ్ళందరికీ తొడుగు ఉచితమని ప్రకటించాడు. అంతకు ముందు ఆపిల్ 29 డాలర్లకి అమ్ముతున్న బంపరే అది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో బ్లాక్‌బెర్రీ సేవలు మూడు రోజులకి పైగా చాలా దేశాల్లో పడిపోయాయి, మన దేశంలో కూడా. క్షమాపణగా 100 డాలర్ల పైచిలుకు విలువైన యాప్‌లు ఫ్రీ అన్నారు. రెండు చోట్లా జరిగింది నిజానికి నష్టపరిహారం. ఆ మాట వాడితే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది, ఫ్రీ అంటే దయ చూపించినట్టు ఉంటుంది.

ఫ్రీ వెనక ఉన్న అసలు ధర కనపడాలంటే చందా లేని చోటికి వెళ్ళాలి. అలాంటి చోటు మనదే. 2008లో ఐఫోన్ 3జీ అమెరికాలో 199 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 8,500 రూపాయలు. అదే ఫోన్ ఆ ఆగస్టులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ద్వారా ఇక్కడికొచ్చినప్పుడు 31,000. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అక్కడ మిగతా డబ్బు రెండేళ్ళ కాంట్రాక్టులో నెలనెలా వసూలవుతుంది. ఇక్కడ ఎక్కువమంది ప్రీపెయిడ్. రేపు సిమ్ తీసి పారేసేవాడికి ఏ ఆపరేటరూ ముందుగా తగ్గించి ఇవ్వడు. "అమెరికాలో చవక కదా, వచ్చేటప్పుడు ఒకటి పట్రా అన్నయ్యా" అని తెప్పించుకున్న ఫోన్లు ఇక్కడి సిమ్ పెడితే పలకకపోవడానికీ, అన్‌లాక్ చేసే షాపులకి గిరాకీ పెరగడానికీ కారణం ఇదే. ఆ తాళం ఆపరేటర్ ముందుగా ఇచ్చిన డబ్బుకి కాపలా. 2013లో టీ-మొబైల్ అమెరికాలో కాంట్రాక్టులు తీసేసి ఫోన్ ధరనీ, సర్వీసు ధరనీ బిల్లులో విడివిడిగా చూపించడం మొదలుపెట్టింది.

ఈ సంగతి చట్టానికి తెలియదా అంటే, బాగా తెలుసు. మన ఎంఆర్‌టీపీ చట్టానికి 1984లో చేసిన సవరణ "అనుచిత వాణిజ్య పద్ధతి" అంటే ఏమిటో చెబుతూ ఒక మాట చేర్చింది. మొత్తం లావాదేవీలో తీసుకున్న డబ్బులోనే పూర్తిగానో కొంతో ధర కలిసిపోయి ఉన్నప్పుడు, ఆ వస్తువుని ఊరికే ఇస్తున్నట్టు భ్రమ కలిగించడం కూడా అందులోకే వస్తుంది. 1986 వినియోగదారుల చట్టంలోకీ, 2019 చట్టంలోకీ ఈ నిర్వచనం నడిచొచ్చింది. అంటే ఊరి నిండా ఉన్న ఫ్లెక్సీల్లో ఎన్నో ఈ వాక్యం ముందు నిలబడి జవాబు చెప్పుకోవాల్సినవే.

పన్నుల శాఖది ఇంకా సూటి మాట. 2019 మార్చి 7 నాటి జీఎస్టీ సర్క్యులర్ ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఆఫర్ల గురించి చెప్పిందేమిటంటే, ఇక్కడ ఫ్రీ ఏమీ లేదు, రెండు వస్తువులకి కలిపి ఒక ధర అంతే.

అకౌంటింగ్ వాళ్ళయితే అంకెలే వేసేశారు. మన దేశంలో 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఇండ్ ఏఎస్ 115 ప్రకారం, ఫోన్ ఫ్రీ అని కాంట్రాక్టులో రాసుకున్నా ఖాతా పుస్తకంలో అలా రాయడానికి వీల్లేదు. ఉదాహరణకి నెలకి 1,000 చొప్పున 24 నెలల కాంట్రాక్టు, మొత్తం 24,000. ఫోన్ విడిగా కొంటే 10,000, సర్వీసు విడిగా తీసుకుంటే 20,000 అనుకుందాం. అప్పుడు 24,000ని ఒకటికి రెండు నిష్పత్తిలో విడగొట్టాలి. ఫోన్ వాటా 8,000, సర్వీసు వాటా 16,000. ఫ్రీ ఫోన్ మన చేతిలో పెట్టిన రోజునే కంపెనీ తన పుస్తకంలో 8,000 ఆదాయం రాసుకుంటుంది. ఫ్లెక్సీ మీద సున్నా, పుస్తకంలో ఎనిమిది వేలు. రెండూ ఒకే కంపెనీవి.

డబ్బు లెక్క ఇలా తేలుతుంది. తేలనిది ఇంకోటుంది. బ్లాక్‌బెర్రీని చాలామంది సొంత డబ్బుతో కొనలేదు. ఆఫీసు ఇచ్చింది. ఎయిర్‌టెల్ 2004లో ఆ సేవని మన దేశానికి తెచ్చిన తొలి ఏళ్ళలో కంపెనీ ఇచ్చిన బ్లాక్‌బెర్రీ నడుముకి ఉండటం హోదా. బిల్లు కూడా ఆఫీసే కడుతుంది. మరి ఉద్యోగి కట్టేదేమిటి? రాత్రి భోజనం దగ్గర ఎర్ర దీపం మిణుకుమంటే కంచం వదిలి చూడటం. షికాగోలో పగలు మొదలయ్యే వేళకి హైదరాబాద్‌లో పిల్లలు పడుకునే వేళవుతుంది. ఐటీలో పనిచేసే ఎవరినడిగినా ఆ లెక్క చెబుతారు. 2011 చివర్లో జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ కార్మిక ప్రతినిధులతో కుదిరిన ఒప్పందం మేరకు, కొంతమంది ఉద్యోగుల బ్లాక్‌బెర్రీలకి డ్యూటీ దిగిన అరగంట తర్వాత మెయిల్స్ ఆపేసి, మర్నాడు డ్యూటీకి అరగంట ముందు మళ్ళీ వదిలేది. సర్వర్‌లో చిన్న మార్పు. 2017లో ఫ్రాన్సు దాన్ని హక్కుగా చట్టంలో పెట్టింది. 2018 డిసెంబర్‌లో సుప్రియా సూలే లోక్‌సభలో అలాంటి ప్రైవేటు బిల్లే పెట్టారు. అది చట్టం కాలేదు.

బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకి సేవలు 2022 జనవరి 4న ఆగిపోయాయి. మెయిల్ మాత్రం ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ అలాగే తోసుకొస్తోంది, దానికి వేరే చందా కూడా లేదు. ఆఫర్లే తలకిందులయ్యాయి. ఒకప్పుడు చందా కడితే వస్తువు ఫ్రీ. ఇప్పుడు వస్తువు కొంటే చందా ఫ్రీ: మూడు నెలల పాటలు, ఏడాది సినిమాలు. ఛార్జర్ మాత్రం 2020లో ఐఫోన్ 12తో మొదలై డబ్బాలోంచి మాయమైంది. ఫ్రీగా ఇచ్చిన చందాకి కూడా కార్డు నంబరు ముందే అడుగుతారు.

కాబట్టి ఫ్లెక్సీ ముందు నిలబడినప్పుడు "ఇది ఎంతకి ఫ్రీ" అని అడిగితే జవాబు దొరకదు. "ఈ బేరం ఎప్పుడు ముగుస్తుంది" అని అడగాలి. ఇవాళే ముగిసేట్టయితే అది కొసరే, నిశ్చింతగా తీసుకోవచ్చు. ముగిసే తేదీ చెప్పలేకపోతే కార్డు నంబరు ఇచ్చే ముందు ఆ తేదీ ఎక్కడుందో వెతికి, కాలెండర్‌లో రాసుకోవడం మంచిది.