పాత మానిటర్లలో రంగుల దోషం

కంప్యూటర్ తెర మీద తెల్లగా ఉండాల్సిన పేజీ గులాబీ రంగుకో పసుపుకో తిరగడం, ఒక మూల మాత్రమే ఊదా మరక పడడం, ఫొటోల్లోని ముఖాలు కామెర్లు సోకినట్టు కనబడడం వంటి లోపాలన్నిటినీ కలిపి రంగుల దోషం అంటారు. పిక్చర్ ట్యూబు ఉన్న బరువైన సీఆర్‌టీ మానిటర్లలోనూ, ట్యూబ్‌లైటు వంటి సన్నని దీపాలతో వెలిగే తొలి తరం ఎల్‌సీడీ మానిటర్లలోనూ ఇది సర్వసాధారణం. ఈ దోషాల్లో చాలావాటిని మానిటర్ వెనక మూత విప్పకుండానే సరిచేయవచ్చు. తప్పిన రంగు ఏది, అది తెరలో ఎంత మేర పరుచుకుంది అన్న రెండు సంగతులే కారణాన్ని చాలావరకు పట్టిస్తాయి.

రంగు పేరు చెప్పడంలో తెలుగువారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మన వాడుకలో ‘పచ్చ’ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. ‘తెర పచ్చగా అయిపోయింది’ అని మెకానిక్‌కు ఫోన్ చేస్తే అతనికి సగం సంగతే తెలుస్తుంది. తెర పసుపుగా ఉంటే నీలం పోయిందని అర్థం. ఆకుపచ్చగా ఉంటే ఎరుపు, నీలం రెండూ తగ్గి ఉండాలి, లేదా ఆకుపచ్చ మితిమీరి ఉండాలి. ఈ రెండు దోషాలకూ వైద్యం వేరు.

దోషం ఎక్కడుందో తేల్చుకోవడం

తెర మీద తెలుపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయికతో పుడుతుంది. ఎరుపు పోతే తెలుపు సయాన్ అనే నీలి ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చ పోతే మెజెంటా మిగులుతుంది. నీలం పోతే పసుపు మిగులుతుంది. ఎరుపు లేని తెర మీద ఎర్ర గులాబీ దాదాపు నల్లగా కనిపిస్తుంది. అందుకే పరీక్షకు ఫొటోల కంటే తెల్లని ఖాళీ పేజీ, ఆ తర్వాత ముదురు బూడిద రంగు పేజీ మేలు.

మొదట చూడాల్సింది మానిటర్ సొంత మెనూ. ముందు భాగంలోని బటన్ నొక్కితే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ గీతలతో తెర మీద తేలే ఆ మెనూను కంప్యూటర్ పంపదు, మానిటరే గీస్తుంది. వెనక బొమ్మ పసుపుగా ఉన్నా మెనూ తన సహజమైన రంగుల్లోనే ఉంటే మానిటర్ బాగున్నట్టే. తప్పు కేబుల్‌లోనో, కంప్యూటర్‌లోనో ఉంది. మెనూకు కూడా అదే పసుపు అంటితే మానిటర్‌నే అనుమానించాలి. ఈ ఒక్క పరీక్షకు అర నిమిషం పట్టదు. ఇది చేయకుండా మానిటర్‌ను ఆటోలో వేసుకుని మరమ్మతు దుకాణానికి మోయకూడదు.

రెండో పరీక్ష స్క్రీన్‌షాట్. తెరను బొమ్మగా దాచి, ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో తెరిచి చూడాలి. అక్కడా రంగులు తప్పి ఉంటే లోపం ఆ ప్రోగ్రాంలోనో, ఆ ఫైలులోనో ఉంది. సరిగా ఉంటే రంగుల సెట్టింగుల దగ్గర మొదలుపెట్టి కేబుల్, మానిటర్ వరుసలో వెతకాలి. విండోస్ 10లో 2017 నుంచి ఉన్న నైట్ లైట్ సాయంత్రమయ్యేసరికి తెరను నారింజ ఛాయకు తిప్పుతుంది. అది ఆన్‌లో ఉన్న సంగతి మరిచి మానిటర్ పాడైందనుకునేవారు ఉన్నారు. తప్పుడు కలర్ ప్రొఫైల్ ఎక్కినా తెరంతా ఒక ఛాయకు తిరుగుతుంది. పాత కంప్యూటర్లలో రంగుల లోతు 16 బిట్లకు పడిపోతే 65,536 రంగులే మిగిలి, ఆకాశం వంటి నునుపైన చోట్ల మెట్లు మెట్లుగా చారలు పడతాయి.

కేబుల్

ఐబీఎం 1987లో పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన వీజీఏ పద్ధతిలో ఒక్కో రంగు ఒక్కో తీగ మీద విడిగా నడుస్తుంది. మూడు వరుసల్లో 15 పిన్నులుండే ఆ ప్లగ్గులో 1వ పిన్ను ఎరుపుది, 2వది ఆకుపచ్చది, 3వది నీలానిది. ఒక్కో రంగు సంకేతం 0 నుంచి 0.7 వోల్టు లోపలే ఉంటుంది. అంత చిన్న సంకేతానికి పిన్ను మీద తుప్పు, తీగలో చిన్న తెగుడు చాలు, రంగు మాయమైపోతుంది. తెరంతా ఒకేలా పసుపుగానో, సయాన్‌గానో, మెజెంటాగానో మారితే ముందు ఇక్కడే చూడాలి.

ప్లగ్గు దగ్గర కేబుల్‌ను మెల్లగా అటూ ఇటూ వంచి చూస్తే రంగు వచ్చి పోతుండవచ్చు. అలా జరిగితే లూజ్ కనెక్షన్ ఖాయం. ప్లగ్గు ఊడదీసి పిన్నులు చూడాలి. వంగిన పిన్నును ముల్లు తీసేసిన పెన్ పెన్సిల్ కొసలోకి దూర్చి నిదానంగా నిలబెట్టవచ్చు. చాలా కేబుళ్లలో 9వ పిన్ను తయారీలోనే ఉండదు కాబట్టి ఆ ఖాళీని చూసి విరిగిందని కంగారు పడనక్కర్లేదు. రెండు పక్కలా ఉండే స్క్రూలు బిగించడం చాలామంది మానేస్తారు. ప్లగ్గు ఒక పక్కకు వాలి పిన్నుల పట్టు సడలడానికి అదే మొదటి కారణం.

కేబుల్ మార్చి చూడడం అన్నిటికంటే చౌకైన వైద్యం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లలో వెతికితే ఇలాంటి పాత సరుకు దొరుకుతుంది. కొన్ని సీఆర్‌టీ మానిటర్లకు కేబుల్ లోపలి బోర్డుకే అతికి ఉంటుంది. వాటికి తెగిన చోట ముక్క కోసి కొత్త ప్లగ్గు టంకం వేయడమే మార్గం.

పిక్చర్ ట్యూబులో మరకలు

తెరంతా బాగుండి, ఒక మూలలోనో అంచునో మాత్రం రంగు మరక పడితే అది అయస్కాంతం పని. కారణం ట్యూబు నిర్మాణంలోనే ఉంది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో తయారుచేసిన కేథోడ్ కిరణ గొట్టమే దీనికి మూలం. రంగుల ట్యూబు మెడలో మూడు ఎలక్ట్రాన్ తుపాకులుంటాయి. తెర గాజు లోపలి వైపు మూడు రంగుల ఫాస్ఫర్ పూత ఉంటుంది. ఆ పూతకు కాస్త ముందుగా ‘షాడో మాస్క్’ అనే పలుచని లోహపు జల్లెడ నిలబెడతారు. మూడు కిరణాలూ జల్లెడలోని ఒకే రంధ్రం గుండా వేర్వేరు కోణాల్లో దూరి, వేటి రంగు చుక్కలను అవి చేరుకుంటాయి. కంప్యూటర్ మానిటర్లలో ఒకే రంగు చుక్కల మధ్య దూరం సాధారణంగా 0.28 మిల్లీమీటర్లు. జల్లెడ కాస్త అయస్కాంతమైతే చాలు, కిరణం వెంట్రుకవాసి పక్కకు తొలగి పొరుగు చుక్కను తాకుతుంది. ఎర్రగా వెలగాల్సిన చోట ఆకుపచ్చ వెలుగుతుంది. ప్రతి కిరణమూ తన రంగు చుక్కనే తాకడాన్ని ప్యూరిటీ అంటారు.

జల్లెడను అయస్కాంతంగా మార్చే సామాన్లు మన ఇళ్లలో మానిటర్ పక్కనే ఉంటాయి. కవచం లేని స్పీకర్లు వాటిలో మొదటివి. స్టెబిలైజరు, యూపీఎస్ కాస్త భిన్నం. వాటి ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ కరెంటు మీద నడుస్తుంది కాబట్టి మరక కంటే వణుకు ఎక్కువ తెస్తుంది. తెర 60 హెర్ట్జ్‌లో తిరుగుతుంటే బొమ్మ సెకనుకు 10 సార్లు అలలా ఊగుతుంది. వైద్యం ఒక్కటే, వాటిని దూరం జరపడం. పిల్లలు తెర మీద అయస్కాంతం రుద్దితే మాత్రం మరక గట్టిగా నిలిచిపోతుంది.

మరకను పోగొట్టే పద్ధతి డీగాసింగ్. ఈ మాట ఓడల నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో జర్మన్లు సముద్రంలో పరిచిన అయస్కాంత మైన్లు ఓడల ఉక్కును పసిగట్టి పేలేవి. 1939 నవంబరులో ఇంగ్లండ్‌లోని షూబరీనెస్ తీరాన అలాంటి మైను ఒకటి చెక్కుచెదరకుండా దొరకడంతో దాని గుట్టు తెలిసింది. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన కెనడా రసాయన శాస్త్రవేత్త చార్లెస్ గూడీవ్ ఓడల అయస్కాంతత్వాన్ని అణిచే పనికి గణిత శాస్త్రవేత్త గాస్ పేరుతో ఉన్న ప్రమాణాన్ని బట్టి ఆ పేరు పెట్టాడు.

మానిటర్‌లో ట్యూబు చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. స్విచ్ వేయగానే దానిలోంచి మెయిన్స్ కరెంటు జోరుగా పారి, కొద్ది సెకన్లలో క్రమంగా సన్నగిల్లుతుంది. అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రం మెల్లగా తగ్గుతూ పోతే జల్లెడలో ఏ దిక్కు అయస్కాంతత్వమూ మిగలదు. సీఆర్‌టీ వాడినవారికి గుర్తుండే ఆ ‘ధుం’ శబ్దం ఇదే. కరెంటును అలా సన్నగిల్లజేసే పని పీటీసీ అనే చిన్న భాగానిది. అది వేడెక్కిన కొద్దీ కరెంటుకు అడ్డుపడుతుంది. కాబట్టి వేడి మీద ఉన్నంతసేపు డీగాస్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు. మానిటర్‌ను 20 నిమిషాలు పూర్తిగా ఆపి, మళ్లీ వేయాలి. స్విచ్ వేసినప్పుడు ‘ధుం’ అసలు వినబడకపోతే పీటీసీయో, దాని టంకమో పోయినట్టు అనుమానించాలి.

లోపలి చుట్టతో పోని మరకకు టీవీ మెకానిక్‌లు వాడే బయటి డీగాసింగ్ కాయిల్ కావాలి. కాయిల్‌ను తెర ముందు గుండ్రంగా తిప్పుతూ, తిప్పుతూనే రెండు మూడు మీటర్లు వెనక్కి నడిచి, అప్పుడే స్విచ్ తీయాలి. తెర దగ్గరే స్విచ్ తీస్తే ఉన్న మరక కంటే పెద్ద మరక పడుతుంది.

భూమి అయస్కాంతత్వం కూడా ఈ జల్లెడ మీద పనిచేస్తుంది. అందుకే సీఆర్‌టీ మానిటర్లను ఉత్తరార్ధగోళానికి, దక్షిణార్ధగోళానికి, భూమధ్యరేఖ ప్రాంతానికి వేర్వేరుగా సరిచేసి అమ్మేవారు. తూర్పు ముఖంగా ఉన్న మానిటర్‌ను ఉత్తరానికి తిప్పినా మూలల్లో ఛాయ మారవచ్చు. ఎక్కడ ఉంచాలో అక్కడ, ఎటు తిప్పాలో అటు తిప్పిన తర్వాతే డీగాస్ చేయాలి.

అన్ని మరకలూ అయస్కాంతానివి కావు. తెర మీద బాగా వెలుగున్న చోట జల్లెడ వేడెక్కి ఉబ్బుతుంది, అక్కడ రంగు చెదురుతుంది, వెలుగు తగ్గగానే సర్దుకుంటుంది. దీన్ని తట్టుకోవడానికే మంచి ట్యూబుల్లో జల్లెడను ఇన్వార్‌తో చేశారు. వేడికి దాదాపు వ్యాకోచించని ఈ ఇనుము, నికెల్ మిశ్రలోహాన్ని 1896లో కనుగొన్న షార్ల్ ఎదువార్ గీయోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. మానిటర్ కిందపడి జల్లెడ వంగిపోతే మాత్రం ఏ డీగాసింగూ పనిచేయదు. 1968లో సోనీ తెచ్చిన ట్రినిట్రాన్ ట్యూబుల్లో జల్లెడకు బదులు నిలువు తీగలుంటాయి. వాటిని కదలకుండా పట్టుకునే అడ్డతీగల నీడ ఒకటి రెండు సన్నని గీతల్లా తెర మీద కనిపిస్తుంది. అది దోషం కాదు, ఆ ట్యూబు లక్షణం.

తెరంతా ఒకే ఛాయ

కేబుల్ బాగుండి, మెనూతో సహా తెరంతా ఒక ఛాయకు ఒరిగితే మూడు తుపాకుల మధ్య తూకం తప్పిందని అర్థం. ట్యూబు ముసలిదైన కొద్దీ కేథోడ్‌లు సమానంగా అరగవు. స్విచ్ వేసిన కాసేపు ఒక రంగు లేకుండా ఉండి, వేడెక్కాక మెల్లగా సర్దుకునే మానిటర్‌లో ఆ రంగు తుపాకీ బలహీనపడింది. ఒక రంగు తెరంతా కమ్మేసి, దాని మీద ఏటవాలు గీతలు కనిపిస్తే ట్యూబు లోపల షార్ట్ అయి ఉండాలి, లేదా మెడకు తగిలించిన నెక్ బోర్డులో ఆ రంగు భాగం పోయి ఉండాలి. కొట్టినప్పుడు రంగు వచ్చి పోతుంటే అదే బోర్డు మీద డ్రై సోల్డర్ అయి ఉంటుంది. మళ్లీ టంకం వేస్తే సరిపోతుంది.

తూకం సరిచేసే పని మెనూలోనే మొదలుపెట్టాలి. మానిటర్ అరగంట వెలిగాకే చేయాలి. ముందు ఫ్యాక్టరీ రీసెట్, ఆ తర్వాత రంగు ఉష్ణోగ్రత. పాత మానిటర్లు చాలావరకు నీలి ఛాయ ఉన్న 9300 కెల్విన్ మీద వచ్చేవి. ఫొటోలకు, చదువుకు 6500 సరైనది. అప్పటికీ ఛాయ పోకపోతే ముదురు బూడిద పేజీ చూస్తూ చీకటి భాగాల రంగును సర్దే బయాస్‌ను, తెల్ల పేజీ చూస్తూ వెలుగు భాగాల రంగును సర్దే గెయిన్‌ను సవరించాలి. ఒకటి సర్దితే రెండోది కదులుతుంది కాబట్టి రెండు మూడు విడతలు పడుతుంది. తగ్గిన రంగును పెంచడం కంటే ఎక్కువైన రెండు రంగులను తగ్గించడం మంచిది. ముసలి తుపాకీని గట్టిగా తోలితే ఇంకా తొందరగా అరిగిపోతుంది. విండోస్ 7 నుంచి ఆ సిస్టంలోనే ఉన్న రంగుల కాలిబ్రేషన్ చివరి మెరుగుకు పనికొస్తుంది. మానిటర్ సెట్టింగులతో సాధించగలిగినదాన్ని దానికి వదలకూడదు.

ఎల్‌సీడీ మానిటర్లు

వీటికి అయస్కాంతంతో పని లేదు. పాత ఎల్‌సీడీల వెనక వెలుగునిచ్చేవి సీసీఎఫ్‌ఎల్ అనే సన్నని పాదరసపు దీపాలు. ఏళ్లు గడిచేకొద్దీ వాటి వెలుగు మందగించి పసుపుకు తిరుగుతుంది. మెనూలో ఎరుపు, ఆకుపచ్చ తగ్గిస్తే తెలుపు తిరిగొస్తుంది, కానీ తెర ఇంకా మసకబారుతుంది. చౌక రకం టీఎన్ ప్యానెళ్లలో ఒక్కో రంగుకు 6 బిట్లే ఉంటాయి, అంటే మొత్తం 2,62,144 ఛాయలు. ఉన్నవాటిని ఇంకా తగ్గిస్తే చారలు బయటపడతాయి. ఇదే ప్యానెళ్లను కింద నుంచి చూస్తే రంగులు తిరగబడి కనిపిస్తాయి. ముందు తెర కోణం సరిచేసుకుని, ఆ తర్వాత దోషం ఉందో లేదో చెప్పాలి. రంగులు నెగెటివ్ ఫిల్ములా మారడం, నీడల్లో మెరుపు చుక్కలు రాలడం వంటివి కనిపిస్తే ప్యానెల్‌కు వెళ్లే రిబ్బన్ కేబుల్ సడలి ఉండవచ్చు.

మూత విప్పే ముందు

సీఆర్‌టీ మానిటర్‌లో పిక్చర్ ట్యూబుకు అందే వోల్టేజి సుమారు 25,000 వోల్టులు. ప్లగ్గు పీకినా ఆ విద్యుత్తు ట్యూబులో చాలాసేపు నిలిచి ఉంటుంది. ఎల్‌సీడీ దీపాలను వెలిగించే ఇన్వర్టర్ బోర్డు మీద కూడా వందల వోల్టులుంటాయి. సీఆర్‌టీ ట్యూబు మెడ మీది ప్యూరిటీ రింగులకు, మూడు కిరణాలను ఒకచోట కలిపే కన్వర్జెన్స్ రింగులకు ఫ్యాక్టరీలో వేసిన రంగు గుర్తులు చెరపకూడదు. రింగులు ఒకసారి కదిలాయంటే అనుభవజ్ఞుడికి కూడా తిరిగి కుదర్చడానికి గంటలు పడుతుంది. చదువుకుని చేయదగ్గ పనులు మూత బయటే ముగుస్తాయి. లోపలి పని ట్యూబుల మీద చేయి తిరిగిన మెకానిక్‌కు వదలాలి.

ఇక బాగుపడదని తేలిన సీఆర్‌టీని రాగి కోసం పగలగొట్టేవారికి ఇవ్వకండి. దాని గరాటు భాగపు గాజులో, మెడలో సీసం ఉంటుంది, తెర లోపలి ఫాస్ఫర్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడనిది. పాత ఎల్‌సీడీ దీపాల్లోని పాదరసానికీ ఇదే మాట వర్తిస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి సామాను నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేరాలి. పాత సామాన్లవాడికి అమ్మేముందు అలాంటి సంస్థ దగ్గర్లో ఉందేమో కనుక్కోండి.